చల్లటి టైరులోనే గాలి కొలవాలి

వేసవి సెలవులకు కార్లలో సొంత ఊళ్ళకు బయలుదేరేవారు, సెలవులు ముగిసేసరికి ముంచుకొచ్చే వానలను తలచుకుని ముందుగానే జాగ్రత్త పడదామనుకునేవారు ఈసారి టైర్ల గురించి చాలా ఉత్తరాలు రాశారు. ఒకే సందేహం పలువురికి కలిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకుని, మిగిలినవారికి కూడా పనికివచ్చేలా కాస్త వివరంగా జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మే నెలలో ఇంటిల్లిపాదీ కారులో రాజమండ్రి వెళ్ళబోతున్నాం. ఎండకు గాలి వ్యాకోచించి టైరు పేలిపోతుందని, అందుకని రెండు మూడు పాయింట్లు (గాలి పీడనపు కొలత, పీఎస్ఐ) తగ్గించి పట్టించుకోవాలని మా వీధి చివర పంక్చర్ షాపు ఆయన అంటున్నారు. మా బావగారేమో సామానుతో వెళుతున్నారు కాబట్టి నలభై పట్టించండి అంటున్నారు. టైరు మీద చూస్తే గరిష్ఠం 51 అని అచ్చు వేసి ఉంది. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఈ మూడింటిలో దేన్నీ పట్టించుకోకండి. డ్రైవరు వైపు తలుపు తెరిచి, ఆ తలుపు మూసుకునే చోట ఉన్న స్తంభాన్ని చూడండి. అక్కడ లేకపోతే పెట్రోలు మూత లోపలి వైపున, లేదా కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో చూడండి. ముందు చక్రాలకు ఎంత, వెనుక చక్రాలకు ఎంత, ఇద్దరు ముగ్గురు కూర్చున్నప్పుడు ఎంత, మనుషులూ సామానూ నిండుగా ఉన్నప్పుడు ఎంత అన్న లెక్క ఆ పట్టికలో ఉంటుంది. మీ కారు బరువును, ఆ బరువు ఏ చక్రం మీద ఎంత పడుతుందన్నదాన్ని చూసుకుని, కారు తయారుచేసినవారు వేసిన లెక్క అది. టైరు మీద అచ్చు వేసిన 51 ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం మాత్రమే. అదే టైరును రకరకాల కార్లకు బిగిస్తారు కాబట్టి, మీ కారుకు ఎంత కావాలో ఆ అంకె చెప్పదు. బావగారి మాటలో ఉన్న నిజమల్లా, బరువు పెరిగితే గాలి కొంత పెంచాలన్నది. ఎంత పెంచాలో మాత్రం ఆ పట్టికే చెప్పాలి.

ఇక ఎండాకాలంలో గాలి తగ్గించాలన్న సలహా సంగతి. హైదరాబాదులో దాదాపు ప్రతి గాలి మిషను దగ్గరా ఈ మాట వినిపిస్తుంది. మంచి మనసుతో చెప్పే మాటే అయినా ఇది ప్రమాదకరమైనది కాబట్టి, కారణం వివరంగా చెప్పవలసి ఉంది.

టైరులో వేడి పైనున్న ఎండ వల్ల, కిందనున్న తారురోడ్డు వల్ల కొంత పుడుతుంది కానీ, టైరును కాల్చేంత వేడి టైరు తనంతట తానే పుట్టించుకుంటుంది. చక్రం తిరుగుతున్నప్పుడు నేలను తాకిన భాగం కాస్త చదునై, పైకి లేవగానే మళ్ళీ గుండ్రంగా అవుతుంది. మీ ఊరి దారిలో తరచుగా కనిపించే చిన్న కార్లకు ఉండే 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత రెండు మీటర్లకు కొంచెం తక్కువ కాబట్టి, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేటప్పుడు అది నిమిషానికి 850 సార్లు తిరుగుతుంది. అన్నిసార్లూ దాని పక్కగోడ ఒంగి లేస్తుంది. గాలి సరిగ్గా ఉంటే ఆ ఒంపు చిన్నది. గాలి తగ్గితే ఒంపు పెద్దదవుతుంది, లోపలి దారపు పొరలూ రబ్బరూ ఒకదానితో ఒకటి రాపిడి చెంది వేడెక్కుతాయి, వేడికి రబ్బరు పట్టు సడలుతుంది, చివరకు పొరలు విడిపోయి టైరు పేలుతుంది. వేసవిలో పెద్ద రోడ్ల మీద పేలే టైర్లలో గాలి ఎక్కువై పేలేవాటి కంటే గాలి తక్కువై, బరువు ఎక్కువై పేలేవాటి గురించే ఎక్కువగా భయపడాలి. పేలుతుందని భయపడి గాలి తగ్గించడం అంటే పేలడానికి దారి వేయడమే.

పరుగులో గాలి పీడనం పెరుగుతుందన్నది నిజమే. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పెరిగితే ఒక పాయింటు దాకా పెరుగుతుంది. ఉదయం 32 పట్టించిన టైరు చౌటుప్పల్ దాటి ఎండలో సూర్యాపేట చేరేసరికి 36, 37 చూపించవచ్చు. పట్టికలో అంకె రాసినవారు ఈ పెరుగుదలను ముందే లెక్కలోకి తీసుకున్నారు. అందుకే అది చల్లటి టైరుకు సంబంధించిన అంకె. చల్లటి టైరు అంటే కనీసం మూడు గంటలైనా కదలకుండా నీడలో ఉన్న టైరు. దారి మధ్యలో ఆగి, వేడి టైరులో 37 చూసి కంగారుపడి గాలి వదిలేస్తే, రాత్రికి టైరు చల్లబడినప్పుడు అందులో 27 మాత్రమే మిగులుతుంది. మరునాటి ప్రయాణం ఆ 27తోనే మొదలవుతుంది.

కాబట్టి ఇలా చేయండి. సొంతానికి ఒక ప్రెషర్ గేజీ కొనుక్కోండి. అది ఖరీదైన వస్తువు కాదు. బయలుదేరే రోజు తెల్లవారుజామున, ఎండ పడకముందే, కారు కదల్చకుండా నాలుగు చక్రాలూ స్టెప్నీ కొలిచి కాగితం మీద రాసుకోండి. వెనుక ఎడమ చక్రంలో నాలుగు పాయింట్లు తక్కువ ఉందనుకుందాం. బంకుకు వెళ్ళేసరికి టైర్లన్నీ కాస్త వేడెక్కి, అక్కడి మీటరు ఏ అంకె చూపినా, మీరు ఆ చక్రానికి నాలుగు పాయింట్లు కలపమని అడగాలి. మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారుకు ఎండ తగిలిన వైపు రెండు చక్రాలూ నీడవైపు వాటికంటే ఎక్కువ చూపిస్తాయి, అది చూసి సరిచేయబోతే ఉన్నది చెడుతుంది. మంచి టైరులో కూడా నెలకు ఒకటి రెండు పాయింట్లు తగ్గడం సహజం. మూడు నెలలు చూడకుండా వదిలేస్తే ఎంత తగ్గుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు. అన్ని చక్రాల్లోనూ సమానంగా తగ్గకుండా ఒకదానిలోనే తగ్గుతూ ఉంటే, వాల్వు మొదట్లో సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తాయేమో చూడండి. టైరు కొత్తదే అయినా ఆ చిన్న రబ్బరు వాల్వు పాతబడి పగిలి ఉండవచ్చు.

ఒక మాట అదనంగా. ఆరుగురు మనుషులు, పైన క్యారియరు మీద మామిడిపళ్ళ పెట్టెలు అన్న లెక్కతో బయలుదేరేవారికి ఏ పట్టికా రక్ష ఇవ్వదు. టైరు కొలతల పక్కన ఉండే 88 వంటి అంకె ఆ టైరు మోయగల బరువును సూచిస్తుంది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు. దాని పక్కనే ఉండే అక్షరం వేగానికి సంబంధించినది. టి అంటే గంటకు 190, హెచ్ అంటే 210 కిలోమీటర్లు. ఈ రెండూ గాలి సరిగ్గా ఉన్న, దెబ్బ తగలని టైరు గురించి చెప్పిన హద్దులు.

ప్రశ్న: మా కారు మెట్రో వచ్చాక పెద్దగా బయటికి తీయడం లేదు. ఏడేళ్ళలో 18 వేల కిలోమీటర్లే తిరిగింది. టైర్ల గాడులు ఇంకా లోతుగా, కొత్తవాటిలాగే ఉన్నాయి. పక్కన మాత్రం సన్నటి పగుళ్ళు కనిపిస్తున్నాయి. ఇంత మంచి టైర్లు మార్చమంటే మనసు ఒప్పడం లేదు.
— ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మీ మనసు ఒప్పకపోవడం అర్థం చేసుకోదగినదే. అయితే టైరుకు రెండు వయసులు ఉంటాయి, తిరిగిన దూరం ఒకటి, గడిచిన కాలం మరొకటి. రబ్బరు ఎండకు, గాలిలోని ఆక్సిజన్‌కు, ఓజోన్‌కు గట్టిపడి పెళుసవుతుంది. దానికి విరుగుడుగా తయారీలోనే రబ్బరులో కొన్ని మైనాలు, రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ ఒంగి లేస్తున్నప్పుడు అవి లోపలినుంచి మెల్లగా పైకి వచ్చి, పైపొరను కాపాడుతూ ఉంటాయి. నెలల తరబడి ఒకేచోట నిలిచిన కారు టైరుకు ఆ రక్షణ సరిగ్గా అందదు. తక్కువ తిరిగిన కార్లకే పగుళ్ళు ముందు రావడానికి కారణం ఇదే.

ముందు టైరు పుట్టిన తేదీ చూడండి. పక్కగోడ మీద డాట్ అనే మూడు ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 1718 అని ఉంటే, 2018వ సంవత్సరంలో 17వ వారం, అంటే ఏప్రిల్ చివరలో తయారైందని అర్థం. ఆ నాలుగు అంకెలు టైరుకు ఒకవైపే ఉండవచ్చు కాబట్టి, బయట కనిపించకపోతే స్టీరింగును పూర్తిగా తిప్పి ముందు చక్రం లోపలి వైపు టార్చి వేసి వెతకండి. కారు కొన్న తేదీకీ ఈ తేదీకీ తేడా ఉండటం మామూలే. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళు నిండిన టైర్లను మార్చమంటాయి. టైర్ల కంపెనీలు సాధారణంగా అయిదేళ్ళ తరువాత ఏడాదికొకసారి నిపుణులకు చూపించమని, ఎంత బాగా కనిపించినా పదేళ్ళు దాటితే వాడవద్దని చెబుతాయి. నీడలో, మితంగా వాడిన టైరుకు ఈ రెండింటి మధ్య కొంత వెసులుబాటు ఉంటుంది. మీ టైర్లకు పగుళ్ళు వచ్చేశాయి కాబట్టి ఆ వెసులుబాటు మీకు లేదు.

గోటితో పగులు మీద గీసి చూడండి. గోరు ఆనకుండా జారిపోతే అది పైపైన వచ్చిన పగులు. గోరు పట్టుకుని ఆగుతూ ఉంటే, లేదా గాడుల అడుగున కూడా పగుళ్ళు కనిపిస్తే, ఆ కారును ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించకండి. గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉన్న రోడ్డు అది. పేటలో కూరగాయలకు వెళ్ళి వచ్చే వేగంలో బయటపడని లోపం అక్కడ పది నిమిషాల్లో బయటపడుతుంది. మీ ఉత్తరాన్ని బట్టి నా సలహా ఏమిటంటే, ఈ వానలకు ముందే నాలుగూ మార్చండి. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తుతో పాటు తయారీ తేదీ కూడా అడిగి చూసి, ఏడాది లోపువి ఇమ్మనండి. కారు కడిగేవారు రాసే మెరుగు నూనెలతో పగుళ్ళు కనబడకుండా పోతాయి గాని మానవు. అవి రాయించకపోతేనే టైరు నిజస్థితి మీకు కనిపిస్తుంది.

ప్రశ్న: మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్ళలో కనిపించని గుంతలో ముందు చక్రం పడింది. మరునాడు చూస్తే టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. గాలి ఏమీ దిగడం లేదు. మెకానిక్ దాన్ని విప్పి స్టెప్నీగా ఉంచుకోమన్నాడు. సరేనా?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సరికాదు. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య టైరు పక్కగోడ నలిగినప్పుడు, గాలి ఒత్తిడిని నిజంగా మోసే లోపలి పాలిస్టర్ దారాలు తెగుతాయి. దారాలు తెగిన చోట గాలిని ఆపుతున్నది ఒట్టి రబ్బరు. అందుకే అక్కడ ఉబ్బింది. దాన్ని అతికించే, కుట్టే, వేడి చేసి సరిచేసే పద్ధతి ఏదీ లేదు. ఎవరైనా చేసిపెడతామన్నా ఒప్పుకోకండి. స్టెప్నీగా పెట్టుకోవడం ఇంకా చెడ్డది, ఎందుకంటే స్టెప్నీ అవసరపడేది రాత్రివేళో, ఊరికి దూరంగానో, సామానుతో ఉన్నప్పుడో. అప్పటికి ఈ ఉబ్బు సంగతి మీరే మరిచిపోయి ఉంటారు. కొత్త టైరు వచ్చేదాకా స్టెప్నీతో తిరగండి. ఆ స్టెప్నీ మిగిలిన చక్రాల కంటే సన్నగా ఉండే రకమైతే దాని మీద రాసిన వేగం, సాధారణంగా 80 కిలోమీటర్లు, మించకండి.

ఒక తేడా గమనించండి. పక్కగోడ మీద పైకి లేచిన ఉబ్బు ప్రమాదం; లోపలికి సన్నటి చాలులాగా, మొదటినుంచీ ఉన్న నొక్కు మాత్రం దారపు పొర రెండు అంచులూ కలిసిన చోటు, దానివల్ల హాని లేదు. అలాగే రిమ్ము అంచు వంగిందేమో, లోపలి వైపు కూడా ఉబ్బు ఉందేమో జాకీ ఎత్తించి చూపించండి. అదే గుంతలో వెనుక చక్రం కూడా పడి ఉంటుంది.

ప్రశ్న: నైట్రోజన్ పట్టిస్తే గాలి చూసుకునే పని ఉండదంటారు. నిజమా?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: కాదు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. శుద్ధ నైట్రోజన్ కొంచెం నెమ్మదిగా బయటికి పోతుంది, అందులో తేమ ఉండదు, లాభం అంతవరకే. నెలకొకసారి కొలవడం తప్పదు. దారిలో నైట్రోజన్ దొరకలేదని తక్కువ గాలితో ప్రయాణం చేయకండి, మామూలు గాలి కలిపితే ఏ నష్టమూ లేదు.

ప్రశ్న: మా కారు ముందు టైర్లు రెండూ లోపలి అంచున నున్నగా అరిగిపోయాయి, బయటి వైపు బాగానే ఉన్నాయి. ఔటర్ మీద 90 దాటితే స్టీరింగు వణుకుతోంది. అలైన్‌మెంట్ చేయిస్తే రెండూ పోతాయా? కొత్తవి రెండే కొంటే ముందు వేయాలా, వెనుక వేయాలా?
— ఒక పాఠకురాలు, అత్తాపూర్

జవాబు: మీరు లోపలి అంచు చూడగలగడం చాలా మంచి విషయం. నిలబడి చూసేవారికి బయటి అంచు మాత్రమే కనిపిస్తుంది. లోపల దారాలు బయటపడేంత అరిగినా తెలియక తిరిగేవారు ఎందరో ఉన్నారు. అరుగుదల టైరు పడిన కష్టం ఎలాంటిదో చెబుతుంది. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువతో నడిపారని, మధ్య మాత్రమే అరిగితే గాలి ఎక్కువని, అక్కడక్కడా పల్లాలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు బలహీనపడ్డాయని లేక బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండటం) తప్పిందని అనుమానించాలి. మీకు వచ్చినట్లు ఒకే అంచు అరిగితే అది చక్రాల కోణాల దోషం, అంటే అలైన్‌మెంట్ దోషం. కారు ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, అరచేతిని గాడుల మీదుగా లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి మెల్లగా రాయండి. ఒక దిశలో నున్నగా, ఇంకో దిశలో గరగరలాడుతూ అంచులు తగిలితే, చక్రం నేరుగా దొర్లకుండా పక్కకు ఈడ్చుకుంటూ పోతోందన్నమాట. అయితే అరిగిన చోట ఇనుప తీగలు పైకి పొడుచుకు వచ్చి ఉండవచ్చు, ముందు కంటితో చూసుకున్న తరువాతే చేయి పెట్టండి.

అలైన్‌మెంట్ వేరు, బ్యాలెన్సింగ్ వేరు. స్టీరింగు వణకడం, అందులోనూ ఒక వేగం దాటాకే మొదలవడం, ఎక్కువగా బ్యాలెన్సింగ్ లోపం. రిమ్ముకు అతికించిన చిన్న బరువు ఊడిపోయినా వస్తుంది. కారు ఒక పక్కకు లాగడం, స్టీరింగు వంకరగా నిలవడం అలైన్‌మెంట్ లోపం. మీకు రెండూ చేయించాలి. అంతకుముందే చక్రాన్ని పట్టి ఉంచే కింది కీళ్ళు (బాల్ జాయింట్లు), వాటి రబ్బరు బుష్‌లు వదులయ్యాయేమో చూపించండి, అవి వదులుగా ఉండగా చేసిన అలైన్‌మెంట్ మొదటి స్పీడ్ బ్రేకర్లకే చెడుతుంది. పనికి ముందూ తరువాతా కోణాల కొలతలు చూపే కాగితం అడిగి తీసుకోండి. అడిగినవారికి ఇస్తారు.

కొత్తవి రెండే కొంటే వెనుక వేయించండి. ఇంజను ముందున్న కారు కాబట్టి కొత్తవి ముందే ఉండాలని చాలామంది షాపువాళ్ళు అనుకుంటారు, మీతోనూ అదే అంటారు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు పట్టు తప్పితే కారు తిన్నగా సాగిపోతుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనుక చక్రాలు పట్టు తప్పితే కారు గిర్రున తిరిగిపోతుంది. దాన్ని నిలబెట్టడం అనుభవం ఉన్న డ్రైవర్లకూ కష్టం. ఒకే ఇరుసు మీది రెండు టైర్లూ ఒకే సైజువి, ఒకే రకానివి అయి ఉండాలి. మీ పాత ముందు టైర్లు లోపల నున్నబడ్డాయి కాబట్టి వాటిని పారేసి, వెనుకవి ముందుకు తెచ్చుకోండి. ఇకమీదట ఎనిమిది పది వేల కిలోమీటర్లకొకసారి చక్రాల స్థానాలు మార్పించుకుంటే నాలుగూ సమంగా అరుగుతాయి. పక్కగోడ మీద తిరిగే దిశను చూపే బాణం గుర్తు ఉన్న టైర్లను మాత్రం ఎడమ కుడులు మార్చకుండా, అదే వైపున ముందు వెనుకలే మార్చాలి.

ప్రశ్న: చట్టం ప్రకారం గాడి లోతు ఎంత ఉండాలి? మా టైర్లు ఈ వానాకాలం గడిపేస్తాయో లేదో ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఉందా? పంక్చర్ రంధ్రంలో బయటి నుంచి దూర్చే రబ్బరు స్ట్రిప్పులు వేసిన టైరు వానలో నమ్మదగినదేనా?
— ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: కార్లకు మన నిబంధనల ప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. కొత్త టైరులో ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. పక్కగోడ పై అంచున చిన్న త్రికోణం గానీ, టీడబ్ల్యూఐ అనే అక్షరాలు గానీ ఉన్నచోటికి నేరుగా గాడిలోకి చూస్తే, అడుగున అడ్డంగా ఒక చిన్న గట్టు కనిపిస్తుంది. అరుగుతున్న రబ్బరు ఆ గట్టుతో సమానమైన రోజున టైరు పని అయిపోయింది. అయితే 1.6 అన్నది చట్టం సహించే చివరి హద్దు, వానకు సరిపోయే లోతు కాదు. రోడ్డు మీది నీటిని గాడులు పక్కలకు చిమ్మగలిగినంతసేపే రబ్బరు నేలను తాకుతుంది. చిమ్మలేనంత నీరు చేరితే చక్రం నీటి పొర మీద తేలుతుంది, అప్పుడు బ్రేకూ స్టీరింగూ రెండూ పనిచేయవు. లోతు మూడు మిల్లీమీటర్లకు దిగితే వానలకు ముందే మార్చుకోవాలని నా అభిప్రాయం. చిన్న స్కేలు గాడిలో నిలబెట్టి లోపల, మధ్య, బయట మూడుచోట్ల కొలవండి. తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

స్ట్రిప్పు విషయం. నేలను తాకే భాగంలో, ఆరు మిల్లీమీటర్లకు మించని రంధ్రానికి వేసిన స్ట్రిప్పు ఊరు చేరడానికి సరిపోతుంది. ఆ తరువాత టైరు విప్పించి, లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (కాడ రంధ్రాన్ని నింపే, పుట్టగొడుగు ఆకారపు అతుకు) వేయించండి. విప్పినప్పుడు మీరు దగ్గరే ఉండి లోపలికి తొంగి చూడండి. నల్లటి రబ్బరు పొడి రాలి ఉన్నా, పక్కగోడ లోపల చుట్టూ గీసుకుపోయినట్లు ఉన్నా, గాలి లేకుండా కొంత దూరం నడిపారని అర్థం, ఆ టైరుకు ప్యాచ్ వేయించకూడదు. పక్కగోడలో మేకు దిగితే ఏ మరమ్మతూ పనికిరాదు. మేకు గుచ్చుకుని గాలి దిగకుండా ఉంటే దారిలో పీకకండి, పంక్చర్ షాపు దాకా దాన్ని అలాగే ఉండనివ్వండి.